సముద్రం చూడని లూర్ల పండితుడు

ఏ పనీ సరిగా తెలియని వయసులో మనిషికి ఉండే ధైర్యం, ఆ తర్వాత ఎంత నేర్చుకున్నా తిరిగి రాదు. ఆ రోజుల్లో నాకది దండిగా ఉండేది. కడపలో వలలూ గాలాలూ అమ్మే దుకాణంలో పనిచేసేవాణ్ణి. మా గిరాకీలంతా చెరువుల్లో, డ్యాముల్లో చేపలు పట్టుకునేవాళ్లు. ఒకసారి మా సేటు చెన్నై పోయి, చవగ్గా దొరికాయని సముద్రపు లూర్లు ఒక పెట్టెడు తెచ్చాడు. లూరంటే చేపపిల్లలా చేసిన బొమ్మ ఎర. దాని కడుపు కింద గాలాలు వేలాడుతుంటాయి. నీళ్లలోకి విసిరి లాగితే పెద్ద చేప నిజమనుకుని మింగాలి. కడపలో ఆ పెట్టెను నేను తప్ప ఎవరూ తెరవలేదు. ఇంటర్నెట్ సెంటర్లో రెండు గంటలు కూర్చుని చదివి, మూడో గంటకల్లా పండితుణ్ణయ్యాను. ఇసుక తీరంలో ఏది విసరాలి, రాళ్ల మీది నుంచి ఏది విసరాలి అని అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి. (అప్పటికి నేను చూసిన అతి పెద్ద నీళ్లు మైలవరం డ్యాము. అదీ సగం ఎండినప్పుడు.)

నా విద్యను పూర్తిగా నమ్మినవాడు ఒక్కడే, మా మామ. మా అమ్మకు తమ్ముడు. మగ్గం మీద నూలు చీరలు నేసేవాడు. ఆయన చేతి నేత అంటే మా వైపు అందరికీ గురి. ఆ చీరలు కొనే వ్యాపారి ఒకాయన విశాఖపట్నంలో ఉండేవాడు. మంచివాడే కానీ నోటికి అడ్డు లేదు. మీ సీమలో నీళ్లు ట్యాంకర్లో వస్తాయంట, చేపలు కూడా అందులోనే వస్తాయాండీ అని ఫోన్లో అన్నాడంట. మామకు కాలింది. మా అల్లుడు సముద్రపు లూర్లలో ఆరితేరినోడు, ఈసారి చీరలు తెచ్చినప్పుడు మీ రాళ్ల మీదే నిలబడి చేప పట్టి, మీ ఇంట్లోనే పులుసు పెట్టిస్తానని మాట ఇచ్చేసినాడు. ఆ మాట ఇచ్చిన మర్నాడే కడప బస్సెక్కి మా దుకాణానికి వచ్చాడు.

ఇక మేమిద్దరం లూర్లు ఎంచిన వైభోగం చెప్పాలి. రాళ్ల దగ్గర ముందు చూడాల్సింది లూరు ఎంత లోతుకు మునుగుతుందనేది. ఆ తర్వాత బరువు, ఎదురుగాలిలో ఎంత దూరం పోతుందనేది. రంగు సంగతి అన్నిటికన్నా ఆఖరున. ఇది నేను చదివాను కూడా. కానీ నేనూ మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణే, ఎదురుగా ఉన్నది మా మామ. పెట్టె తెరవగానే ఇద్దరికీ రంగులు తప్ప ఇంకేమీ కనబడలేదు. నీడలో రంగు నిజం చెప్పదని మామ ఒక్కొక్క లూరునూ బయటికి తీసుకుపోయి ఎండలో తిప్పి చూశాడు. చిలకాకుపచ్చ ఒంటికి ఎర్ర అంచు ఉన్నదాన్ని మెచ్చుకున్నాడు. బూడిదరంగు లోహపు లూరును, వెలిసిన చీరలాగుండాదని పక్కన పెట్టాడు. తర్వాత తడిపిన తెల్లగుడ్డతో అన్నిటినీ రుద్ది, రంగు దిగుతుందేమోనని పరీక్ష చేశాడు. సేటు గల్లాపెట్టె దగ్గర నుంచి చూసి చూసి, "ఏం బాబా, చాపకు పెండ్లి చీర తీస్తాండారా?" అన్నాడు. నేను చిన్నబోయి, నా పాండిత్యం చూపాలని, మూతికి పొడుగు నాలుకలాంటి రేకున్నవి ఐదు ఏరాను. అవి లాగితే నేరుగా లోతుకు మునుగుతాయి. పెద్ద చేప లోతులోనే కదా ఉంటుంది అని నా డ్యాము తర్కం.

విశాఖలో మొదటిసారి సముద్రం చూశాను. చూసి నోరు తెరవకుండా నిలబడ్డానికి నేను పడ్డ పాట్లు దేవుడికి తెలుసు. వ్యాపారి తన స్నేహితులు ముగ్గురిని కూడా వెంట తెచ్చాడు. మామ పంచె పైకి కట్టి రాళ్ల మీద నిలబడి విసిరాడు. లూరు విసిరినచోట పడి, లాగగానే బుద్ధిగా కిందికి మునిగి, రాళ్ల సందులో ఇరుక్కుంది. దారం తెగింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఇరవై అడుగుల అవతల స్థానికుడొకడు రంగంతా ఊడిపోయిన ఇనుపముక్కలాంటి లూరు ఒక్కటే పెట్టుకుని, దూరంగా విసురుతూ, అది మునిగేలోపు లాగేస్తూ, అప్పటికే రెండు పార చేపలు పట్టాడు. నాకు అప్పుడే అంతా అర్థమైంది. ఐదోది కూడా తెగాక వ్యాపారి నా వైపు తిరిగి, "ఏటండీ పండితులుగారూ, లోపం యాడుందంటారు?" అన్నాడు. యాడ అనేమాట నన్ను ఎక్కిరించడానికే.

నేను మామ మొహం చూడకుండా చెప్పాను. "లూర్లు మంచివే. విసరడంలోనే... మా మామకు మణికట్టు తిరగదు."

ముప్పయ్యేళ్లు మగ్గం మీద పడుగు సందున నాడె విసిరిన చెయ్యి అది. రోజుకు ఎన్ని వేలసార్లో, ఒక్కసారి గురి తప్పకుండా. మామ ఆ చేతిని ఒకసారి చూసుకున్నాడు. "నిజమేప్పా, నా చెయ్యే సరిగ్గా పడలే," అన్నాడు. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఊరికి వచ్చాక కూడా నేను నిజం చెప్పలేదు, ఆ మణికట్టు మాటే చెప్పాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో మామను చూడగానే, మణికట్టు ఎట్లుండాది మామా అని అడగడం మా వంశంలో వేడుకైపోయింది. ఆయన కొన్నాళ్లు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా వేరే కథ మొదలుపెట్టాడు: నాలుగు లూర్లు రాళ్లకు తగులుకుని పోయినాయి, ఐదోదాన్ని మాత్రం చేప పట్టింది, మనిషంత చేప, దారం తెంపుకుని పోయింది. ఏటేటా ఆ చేప పెరిగింది. నమ్మేవాళ్లు కూడా పెరిగారు.

పద్దెనిమిదేళ్ల తర్వాత పోయిన నెలలో పోయి మామ ముందు కూర్చున్నాను. లూర్లు నేనే తప్పు ఎంచానని, ఆ పొద్దే నాకు తెలుసునని, అంతవరకూ సముద్రమే చూసి ఎరగనని అంతా చెప్పి, దీన్ని రాసి అచ్చు వేయిస్తా మామా అన్నాను. ఆయన చేతిలోని కండెకు నూలు చుట్టడం ముగించి పక్కన పెట్టాడు.

"రాయప్పా. నా చెయ్యి మంచిదేనని రాయి, సంతోషమే," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఐదోది గూడా రాయికే తగులుకునె అని రాస్తావా ఏమి? అట్ల రాస్తే నా చేప యాడికి పోవల్ల?"

పండితుడిగా ఉన్న రోజుల్లో ఎవరు ఏమి అడిగినా జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఈ ఒక్కదానికి వారం రోజులు పట్టింది. కాబట్టి అందరికీ తెలియజేసేదేమంటే, లూర్లు ఎంచిన తప్పు పూర్తిగా నాది. మా మామ చేతిలో ఏ లోపమూ లేదు. ఐదో లూరును చేపే పట్టుకుపోయింది. నేను పక్కనే ఉన్నాను, కళ్లారా చూశాను.