ఏ గుడికమ్మా?

రెండో కాన్పులో మా చెల్లి ఒంట్లో నెత్తురంతా పోయింది. గుంటూరు ఆసుపత్రిలో దానికి తెలివి వచ్చేదాకా మా ప్రాణాలు మాకు లేవు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ దాని అత్తగారి ముందే చెప్పింది: "ఇప్పట్లో మళ్ళీ కడుపొస్తే మనిషి దక్కదు." అయితే ఆపరేషన్ చేయించేద్దాం అన్నాను నేను. "ఇద్దరూ ఆడపిల్లలేగా!" అంది అత్తగారు. మా మరిది, అదే దాని మొగుడు, మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ పని చేస్తాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. మంచివాడే, కానీ వాళ్ళమ్మ ముందు ఉన్నా లేనట్టే.

చెల్లి ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపుకెళ్ళింది. ఇదంతా నాకు తర్వాత చెప్పింది. అక్కడ మగాళ్ళు నిలబడి ఉన్నారట, వాళ్ళలో దాని పెదమామగారు కూడా. ఇంక నోరెలా పెగులుద్ది? "బిళ్ళలు కావాలండీ... ఆడవాళ్ళవి" అని నసిగిందట. షాపతను "ఏ గుడికమ్మా?" అన్నాడట.

మా వైపు గుడికెళ్ళేముందు, ఇంట్లో శుభకార్యం ముందు, ముట్టు వాయిదా వేసే బిళ్ళలు కొనుక్కుంటారు. వాటిని ఎంతమందిలో అడిగినా సిగ్గేం లేదు. మేమేమో ఆదివారం చర్చికి పోయేవాళ్ళం, మాకా పట్టింపే లేదు. నా పిచ్చితల్లి, కడుపు రాకుండా వేసుకునేవాటినే మర్యాదకి అలా గుడి పేరుతో అడుగుతారేమో అనుకుంది. గుంటూరు పక్కన శివుడి గుడున్న ఊరు తల్చుకుని, "పెదకాకానికండీ" అంది.

అతను బిళ్ళల అట్టలోంచి పేరు లేని ముక్క కత్తిరించి పేపర్లో చుట్టి ఇచ్చాడు. మొగుడు ఇంటికొచ్చిన రోజున ఒకటి మింగేది. అయిపోతే మళ్ళీ వెళ్ళి "పెదకాకానికండీ" అనేది. "నీకు భక్తి ఎక్కువేనమ్మా" అన్నాడట ఒకసారి.

మిరపకోతలప్పుడు చెల్లి నా పక్క సాల్లోనే కాయ కోస్తోంది. అది నడుం నొప్పెట్టి లేచి నిలబడితే దాని పొట్ట చూశాను. 

"ఏమే, నెల తప్పావా?"

"ఛ, లేదక్కా! బిళ్ళలు వేసుకుంటున్నాగా. ముట్టు కూడా ఆగిపోయింది, బాగా పనిచేస్తున్నాయి" అని నవ్వింది.

నవ్వుతుందేంటి దేవుడా! కోత మధ్యలోనే వదిలేసి దాన్ని ఆరోగ్య కేంద్రానికి లాక్కుపోయాను. నర్సమ్మ ఆ బిళ్ళ చూసి, "ఇది ముట్టు వాయిదా వేసేదమ్మా, కడుపు రాకుండా ఆపేది కాదు" అంది. అప్పటికే ఐదో నెల దాటింది. దారిపొడుగునా దాన్ని తిట్టాను. తిట్టి తిట్టి నేనే ఏడ్చాను. అది మాత్రం "నాకేమన్నా అయితే పిల్లల్ని నువ్వు చూసుకుంటావుగా అక్కా" అంటుంది.

కాన్పు మళ్ళీ గుంటూరులోనే. మళ్ళీ నెత్తురు పోవడం, సీసాల మీద సీసాలు ఎక్కించడం. బతికింది, అంతే చెప్పగలను. తెల్లగా పాలిపోయి, కూర్చోపెడితే ఒరిగిపోతోంది. ఆపరేషన్‌కి ఒంట్లో ఓపిక లేదు, కోలుకునేదాకా ఇవి వాడమని పాలిచ్చే తల్లులకిచ్చే బిళ్ళలు రాసిచ్చింది డాక్టరమ్మ. పుట్టింది మూడో ఆడపిల్ల. అత్తగారు పొత్తిళ్ళలోకి తొంగిచూసి, "సర్లే, ఈసారన్నా చూద్దాం" అంది. ఈసారట! నా ఒళ్ళు మండిపోయింది.

ఆరోగ్య కేంద్రానికెళ్తే బిళ్ళలు అయిపోయాయి, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలీదన్నారు. అదే మెడికల్ షాపుకెళ్ళాను. మగాళ్ళు నిలబడే ఉన్నారు, ఆ పెదమామగారితో సహా.

"కడుపు రాకుండా వేసుకునే బిళ్ళలు ఇవ్వండి. మా చెల్లికి" అన్నాను, రోడ్డు అవతలికి వినపడేట్టు.

షాపతను కంగారుపడి, "నెమ్మదిగా అడగమ్మా, మగవాళ్ళున్నారు" అన్నాడు.

"అది నెమ్మదిగానే అడిగిందండీ" అన్నాను.