లచ్చక్క గద్దలకు వేసిన ముక్కలు

ఇన్నేళ్లుగా నా గొంతులో ఒక ముక్క అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను ఉప్పల్‌లో ఒక ఇంటి మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. పని నాచారంలో, మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో. సెలవు దొరికితే లైబ్రరీ. పదో తరగతితో చదువు ఆగినవాణ్ణి, చదివిన ప్రతి ముక్కా నలుగురికీ చెప్పి చూపించుకోవాలని ఉబలాటం. కోళ్ల పెంపకం మీద పుస్తకం చదివి, డాబా మీద ఒక నాటుకోడిని పొదిగించాను. గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. ఒక్కొక్కటే గద్దలకు పోయాయి.

పైన వల కట్టమని ఆ పుస్తకంలోనే ఉంది. కట్టలేదు. బద్ధకం. తప్పు లచ్చక్క మీద వేశాను.

లచ్చక్క కింది గదిలో ఉండేది. జనగామ వైపు మనిషి. చిన్న కూతురికి మూర్ఛలు, నెలల తరబడి దవాఖానాకు తిరుగుతున్నారు. మాంసం ముక్కలు బిడ్డ తల చుట్టూ తిప్పి గద్దలకు వేస్తే పీడ వాటితో పోతుందని అక్కడెవరో చెప్పారట. ఈ ఊళ్లో ఆ అలవాటు ఉన్నదే. ప్రతి ఆదివారం పాపను చంకనేసుకుని, మేక ఊపిరితిత్తుల ముక్కల గిన్నెతో డాబా ఎక్కేది. గద్దలు గాలిలోనే అందుకునేవి.

ఆ ముక్కల కోసమే గద్దలు ఇక్కడ తిరిగి నా కోడిపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి, వేయొద్దంటే నవ్వింది. "నీ కోళ్లకు గా పుస్తకం సదివి ఇనిపియ్యి తమ్మీ, గద్దలే పారిపోతయ్."

ఆ మాటకే నాకు మండింది. కోడిపిల్లలు ఒక సాకు మాత్రమేనా? ఇప్పుడు అడుగుతున్నాను, అప్పుడు అడగలేదు. తరువాతి ఆదివారం ఆమె గిన్నె పిట్టగోడ మీద పెట్టి పాప కోసం కిందికి దిగినప్పుడు, ఆ ముక్కల్లో పురుగుల మందు కలిపాను.

ఆమె వచ్చింది. ముక్కలు చేత్తో తీసి పాప తల చుట్టూ తిప్పింది. నేను నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి చూస్తున్నాను. నోరు తెరవలేదు. ఆ చెయ్యి పాప మూతి తుడుస్తుందేమో, పాప ఆ వేళ్లు పట్టుకుని నోట్లో పెట్టుకుంటుందేమో అని భయం వేసింది, అయినా తెరవలేదు. ముక్కలన్నీ గద్దలకు విసిరేసి ఆమె నల్లా దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. కడుక్కోకపోతే అరిచేవాణ్ణా? అరిచేవాణ్ణనే చెప్పుకుంటూ వచ్చాను. నాకు నమ్మకం లేదు.

మధ్యాహ్నానికి రెండు గద్దలు డాబా మీద పడ్డాయి. ముక్కుల నుంచి నురగ. గోళ్లు ముడుచుకుపోయాయి. ఒకటి ఇంకా రెక్క కొట్టుకుంటూ తన వాంతిలోనే పొర్లుతోంది. ఈగలు ముసిరాయి. లచ్చక్క మెట్ల మీదే కూలబడింది.

"తమ్మీ, లైబ్రరీకి పోతవు గదా. గివి ఎందుకు సచ్చినయ్?"

"మాంసం ఎప్పటిది అక్కా?"

"నిన్నటిది. ఫ్రిజ్‌ల వెట్టిన. నడుమ కరెంటు పోయింది."

"గదే. పాసిపోయినదాంట్ల క్రిములుంటయ్. పుస్తకంల ఉన్నది."

ఆమె తన అరచేతులు చూసుకుంది. "అయితే నేనే సంపిన అన్నట్టు. బిడ్డ పీడ మోసుకపోయెటియి."

గద్దలు కుళ్లిన కళేబరాలు తిని అరిగించుకుంటాయని నేను చదివాను. ఆ లైబ్రరీలోనే, ఆ బెంచీ మీదే. తెలిసే చెప్పాను. గద్దలను చంపినదానికన్నా నాకు అసహ్యం ఇదే: నేర్చుకున్న నాలుగు ముక్కలను ఒక తల్లి నెత్తిన అబద్ధంగా రుద్దాను. ఆమె నమ్మింది, ఎందుకంటే నేను చదివేవాణ్ణి.

రెండు రోజులకే ఇంకో కోడిపిల్ల పోయింది. ఈసారి కళ్లారా చూశాను. గద్ద కాదు, పావురమంత చిన్న డేగ. మొదటి నుంచీ అదేనేమో. ఎవరికి తెలుసు? నేనెప్పుడైనా సరిగ్గా చూశానా?

లచ్చక్క వాళ్లు ఘట్‌కేసర్ వైపు మారిపోయారు. మొన్న ఉప్పల్ బస్టాపులో కనిపించింది. పక్కనే పాప, కాలేజీ బ్యాగుతో. మందులు వాడుతూనే ఉందట, అప్పుడప్పుడు ఇంకా పడిపోతుందట. "నా చేతుల పాపం తమ్మీ, గందుకే పూర్తిగ పోతలేదు. గప్పటికెల్లి నేను మాంసం ముట్టలే," అంది మామూలుగా, బస్సు కోసం చూస్తూ.

మూర్ఛకూ గద్దలకూ సంబంధం లేదని ఆమెకు చెప్పగలిగేంత చదివాను. ఆ మాట చెబితే, అసలు ఎవరు చంపారో కూడా చెప్పాల్సి వస్తుంది. బస్సు వచ్చింది. పాపే ముందు ఎక్కి తల్లికి చెయ్యి అందించింది.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పాను. ఇది కూడా పిరికితనమేనని తెలుసు. నేను ఆమె మీద వేసిన పాపం ఇంకా ఆమె మీదే ఉంది. అయినా ఒక్క వాక్యం, కనీసం కాగితం మీదైనా, నిజం రాయాలి: గద్దలను లచ్చక్క చంపలేదు, నేను చంపాను. రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. అలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది.