నాన్న పగటి నిద్ర

నిన్న బీచ్ రోడ్డు పార్కులో నా ఐదేళ్ల కొడుకు జారుడుబల్ల మీంచి సంబరంగా కేకేశాడు. నా చెయ్యి వాడి నోటిమీద పడింది. పెదవి చిట్లింది.

ఉక్కునగరం క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నైట్ షిఫ్ట్ చేసొచ్చి నాన్నలు పడుకుంటే, పొద్దువాలేదాకా ఇంటికి రావద్దని అమ్మలు మనల్ని పార్కుకు తోలేసేవారు.

ఓరోజు తమ్ముడు ఆకలికి ఆగలేక నన్నూ లాక్కుని ముందే ఇంటికొచ్చి, వంటింట్లో స్టీలు గ్లాసు జారవిడిచాడు. నాన్న లేచి బెల్టు తీశాడు. బకిల్ తగిలి తమ్ముడి కనుబొమ చీలింది.

"ఏడిసినావంటే సంపేత్తాను" అన్నాడు.

తమ్ముడి నోరు నేనే నొక్కిపట్టాను. ఊపిరాడక వాడు నా అరచెయ్యి కొరికేశాడు. ఆ గాటు ఇంకా ఉంది.

నిన్న నా కొడుకు నోరు మూసింది ఆ చెయ్యే.

"అరవకురా, లెగిసిపోతారు" అన్నాను.

వాడు నెత్తురు మింగి, గుసగుసగా అడిగాడు.

"ఎవరమ్మా లెగిసేది?"