సత్రం పుస్తకంలో నా చమత్కారం

మొన్న మహానందికి వెళ్లి వచ్చిన మా మనుమరాలు, తాను దిగిన లాడ్జి గురించి నలుగురూ చదివేలా ఫోనులో రాస్తూ, అక్కడి దుప్పట్ల మురికి మీద వాత పెట్టే వాక్యం ఒకటి చెప్పమని నన్నడిగింది. అలాంటి మాటల్లో నేను ఆరితేరినవాడినని మా ఇంట్లో అందరికీ తెలుసు గానీ, మొదటి వాత ఎవరికి పెట్టానో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

పంతొమ్మిది వందల నలభైల చివర్లో, నంద్యాలలో బడిపంతులుగా చేరిన కొత్తలో, ఏదో పని మీద ఆళ్లగడ్డకు బయలుదేరాను. బొగ్గు మీద నడిచే ఆనాటి బస్సుల సంగతి మీకు చెప్పేదేముంది, ఎక్కినవాళ్లమే దిగి తోసుకుంటూ పోవాలి. అలా తోసి తోసి, ఒళ్లంతా మసి చేసుకుని, మధ్యాహ్నం దాటాక అక్కడి సత్రానికి చేరేసరికి భోజనాలైపోయాయి. వంట చేసే అవ్వ అహోబిలం వైపు మనిషి. నన్ను చూసి, ఆర్పిన పొయ్యి మళ్లీ రాజేసి, రేషను బియ్యం నిండుకున్నాయని నొచ్చుకుంటూ కొర్రన్నం వండి, చారు కాచి పెట్టింది. ఆ చారు నీళ్లలాగే ఉంది, అది అబద్ధం కాదు.

బాటసారులు తమ అభిప్రాయం రాసిపోయే పుస్తకం ఒకటి ఆ సత్రంలో ఉండేది. నాకు ముందు వచ్చినవాళ్లు ఎంతో మర్యాదగా, వెనక వచ్చేవాళ్లకు పనికొచ్చేలా, బావి నీళ్లు తియ్యగా ఉంటాయని, అహోబిలానికి బండి కావాలంటే ముందురోజే మాట్లాడుకోవాలని రాశారు. నేను మాత్రం, ఇక్కడి చారులో ముఖం చూసుకుని క్రాపు దువ్వుకోవచ్చునని, ఈ భోజనం కన్నా ఉపవాసమే మేలని రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

అవ్వకు చదువు రాదు. తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుని, “ఏం రాసినావప్పా, రోంత సదివి చెప్పు. ముసల్దాన్నైనానని ధర్మకర్త నన్ను మాన్పించల్లని చూస్తాండాడు. నీయట్ల సదువుకున్నోళ్ల మాటయితే ఇంటాడు” అంది. అప్పుడైనా కొట్టేయవచ్చు, కలం చేతిలోనే ఉంది. కానీ ఆ వాక్యం మీద నాకు మోజు చావలేదు. పుస్తకం ముందు పెట్టుకుని, వేళ దాటి వచ్చినా ఈ అవ్వ కన్నతల్లిలా వండిపెట్టిందని, అందులో లేని మాటలు చదివాను. సిగ్గుచేటు ఏమిటంటే, ఆ లేని మాటలే నిజం. ఆమె కళ్లొత్తుకుని, దారిలో తినమని వేయించిన శనక్కాయలు నా రుమాలులో మూటగట్టింది.

కొన్ని నెలలకు మళ్లీ వెళితే వంటింట్లో వేరే మనిషి కనిపించాడు. అవ్వ ఏదని అడిగాను.

“ధర్మకర్త వచ్చినప్పుడు అవ్వే పుస్తకం తెచ్చి, ఈ పంతులు రాసింది సదువు సామీ అని అందరి ముందరా సదివించుకునె. అందరూ నగిరి. మర్సనాడు మూట తీసుకుని పాయ,” అన్నాడతను.

ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదట. ఆ పంతుల్ని నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అహోబిలం పోయి వెతకాలని చాలాసార్లు అనుకున్నాను, ఒక్కసారీ వెళ్లలేదు.

ఈ రోజుల్లో లాడ్జీలవాళ్లు తమ మీద ఎవరేం రాసినా ఆ పూటే చదువుకుంటారట, ఒప్పుకోకపోతే జవాబూ రాస్తారట. విని సంతోషించాను. చదువుకున్నవాడు చెప్పాడంటే జనం కళ్లు మూసుకుని నమ్మే కాలం పోయిందని మా తరంవాళ్లు కూర్చుని బాధపడుతుంటారు. అలాంటప్పుడు నేను నోరు మెదపను.