సలేశ్వరం దారిలో ‘గా మలుపే’

నా చిన్నప్పుడు నాకు ఒళ్లు మండించిన మాట ఒకటుంది: ‘గా మలుపే’. ఎనభైల్లో ఒక చైత్ర పున్నమికి మా అవ్వ నన్ను నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు తీసుకుపోయింది. లోయలో ఎత్తునుంచి పడే నీళ్ల కింద నిలబడి తడవాలని నా ఆశ. బడిలో అందరికీ ముందే గొప్పలు చెప్పుకున్నాను కూడా.

బస్సు దిగాక నడకే. రాళ్ల దారి, ఎండ, ఎదురుగా తిరిగొచ్చే జనం. ఇంకెంత దూరమని అడిగితే ఒక్కరూ నిజం చెప్పరు. "గా మలుపే బిడ్డా, ఇగ వచ్చినట్టే" అంటారు. అది తిరిగితే ఇంకో మలుపు. చెప్పు తెగింది, మడమకు బొబ్బ లేచింది. పులి సంగతి దేవుడెరుగు, ఒక్క జింక కూడా కనబడలేదు. దారంతా జనం పెట్టే అరుపులకు అవన్నీ ఎప్పుడో పారిపోయి ఉంటాయి.

"అందరు గిట్ల అబద్ధమాడుతరేందే అవ్వా?" అని ఏడ్చాను.

"దూరమని చెప్తే నడుస్తవా మరి?" అంది అవ్వ, ఆగకుండానే. ఆమె కూడా వాళ్ల పక్షమే మాట్లాడేసరికి నాకు మరింత మండింది.

తీరా చేరితే నీళ్ల కింద ఒకటే తోపులాట. తల తడిసిందో లేదో, ఎవరో పక్కకు నెట్టేశారు. దీనికోసమా ఇంత నడక అనిపించింది.

తిరుగు దారంతా ఎక్కుడే. సగంలో అవ్వ ఒక బండ మీద కూలబడింది. పొద్దుగూకేలోపు పైకి చేరకపోతే బస్సు వెళ్లిపోతుంది. చెయ్యి పట్టి లాగాను, బతిమాలాను, విసుక్కున్నాను. "ఇగ నాతోని కాదు బిడ్డా" అంది. అప్పుడే చంకలో పిల్లతో కిందికి దిగుతున్న ఒకామె ఇంకెంత దూరమని అడిగింది. లేవలేని మా అవ్వ నవ్వి, "గా మలుపే తల్లీ" అని చెప్పి పంపింది.

నేను కోపంగా ముందుకు పోయి చూశాను. మలుపు అవతల నిలువు ఎక్కుడు, దాని పైన మరొకటి. వెనక్కి వచ్చేసరికి అవ్వ నా మొహంలోకి చూస్తూ ఎంతున్నదని అడిగింది.

"గా మలుపే అవ్వా" అన్నాను.

అది ఆమె ఏటా నడిచే దారి. నా మాట అబద్ధమని నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా నా భుజం పట్టుకుని లేచింది.

ఇప్పుడు నేను ఆనాటి అవ్వ వయసుకు దగ్గర పడుతున్నాను. దూరం సరిగ్గా చెప్పనివాళ్లంటే నాకు ఇప్పటికీ చిరాకే. కానీ చాలా ఏళ్ల తర్వాత ఆస్పత్రి మంచం మీద అవ్వ, ఇంటికి పోవడానికి ఇంకెన్నాళ్లని అడిగినప్పుడు, డాక్టరు చెప్పింది నా నోట రాలేదు. వచ్చింది ఆ ఒక్క మాటే. అవ్వ కాసేపు నా మొహం చూసి, నమ్మినట్టే తలూపింది.