వాకిట్లో గోంగూర

కడియం చుట్టుపక్కల ఊళ్ళలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఎవరైనా వాకిట్లో క్రోటన్లే పెడతారు. ఇంటి ముందుది చూపుకి, పెరట్లోది కూరకి. నేను కోడలిగా వెళ్ళిన ఇంట్లోనూ అదే పద్ధతి. తొంభైల చివర్లో కొత్త డాబా కట్టాక, గేటు నుంచి గుమ్మం దాకా ఉన్న ఖాళీ జాగా నా చేతికొచ్చింది. నర్సరీ మొక్క ఒక్కటి కూడా కొనేది లేదని పట్టుబట్టాను. రంగులే కావాలంటే ఆకుకూరల్లో లేని రంగులా అని నా వాదన.

నడిచే బాటకి ఒక పక్క ఎర్ర తోటకూర, రెండో పక్క అంచు కట్టినట్టు పుదీనా వేశాను. గేటు మీది ఇనుప కమానుకి ఎర్ర కాడ బచ్చలి పాకించాను. గోడ వారన బారుగా గోంగూర, దాని ముందు పొట్టి వంగ మొక్కలు, వాటి మధ్య కాయలు పైకి నిక్కి ఉండే మిరప. గోంగూర నడుమెత్తు పెరిగి పువ్వు పూసే వేళకి దారిన పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి, "ఏ నర్సరీలో కొన్నారండీ?" అని అడగడం మొదలైంది. నేను వెంటనే చెప్పేదాన్ని కాదు. కాసేపు వాళ్ళని ఊహించుకోనిచ్చి, అప్పుడు ఓ చిగురు తుంచి చేతిలో పెట్టేదాన్ని. ఆ సరదా నాకు బాగా ఉండేది.

కూరకి కొయ్యడంలోనే గొడవంతా. ఒక్కో మొక్క నుంచి కాస్త కాస్త తుంచితే కోసినట్టే తెలియదు. అత్తయ్యగారికి అంత ఓపిక లేదు. చేతికందిన మొక్కని మెడ దాకా విరిచేసి వెళ్ళేవారు. ఆ బోడి మొక్కలు చూసి నాకు ఒళ్ళు మండేది. ఆవిడతో పోట్లాడలేక ఆ కోపం గిన్నెల మీద చూపించేదాన్ని. మావయ్యగారు మాత్రం నా పక్షం. పొలం నుంచి వస్తూ గట్టు మీది మెత్తటి మట్టి గోనెసంచిలో తెచ్చి మొక్కల మొదట్లో పోసేవారు.

అలాంటి రోజుల్లో మా ఆడపడుచు పురిటికి వచ్చింది. ఏడో నెల. అంతకు ముందు ఒకటి నిలవలేదు. అందుకని ఇంట్లో అందరం ఆ పిల్లని గాజు గ్లాసులా చూసేవాళ్ళం. ఆదివారం వాళ్ళ అత్తవారు భోజనానికి వస్తామని కబురు పెట్టారు. భీమవరం అవతల చేపల చెరువులున్న కుటుంబం. వాళ్ళు మా వాకిలి చూసి పెదవి విరుస్తారేమోనని నాకు బెంగ. రాత్రి అన్నాల దగ్గర గట్టిగానే చెప్పాను: "వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ముందు మొక్కల మీద ఎవరూ చెయ్యి వెయ్యద్దండి. కూరకి పెరట్లో చూసుకుందాం. అసలే పురుగు పట్టి ఆకులు జల్లెడ అయిపోతున్నాయి." ఆడపడుచు అప్పటికే నిద్రపోయింది. మావయ్యగారు తల ఊపారు.

మర్నాడు అత్తయ్యగారు పుట్టింటికి వెళ్ళారు. మా ఆయన పనిమీద తణుకులో ఉన్నారు. మధ్యాహ్నం నేనూ ఆడపడుచూ భోంచేసి పడుకున్నాం. లేచేసరికి పక్కన ఆ పిల్ల లేదు. బయటికి వస్తే మెట్ల మీద కూర్చుని ఏదో నములుతోంది. ఒళ్ళో గోంగూర కాడలు, ఆకులు ఒలిచినవి.

"తిట్టకు వదినా. నోరు చప్పగా ఉంది. పుల్లగా తినాలనిపించి చిగుళ్ళు కోసుకున్నాను," అంది.

తిట్టడానికే నోరు తెరిచాను. అప్పుడే గాలి ఇటు తిరిగింది. పొలంలో వరికి మందు కొట్టిన రోజున మావయ్యగారి బట్టలకి వచ్చే వాసన. గోంగూర దగ్గరికి పరుగెత్తాను. ఆకుల మీద ఎండిన చుక్కలు తెల్లగా కనిపించాయి.

"ఉమ్మెయ్. ముందు ఉమ్మెయ్," అన్నాను. నోట్లోది ఉమ్మేసింది. మింగినదెంతో తనకే తెలియదు.

మావయ్యగారు పెరట్లో కుళాయి దగ్గర స్ప్రేయరు కడుగుతున్నారు. నేనడగడం, ఆయన చెప్పడం ఒక్కసారే అయ్యాయి.

"పురుగు తినేస్తోందన్నావు కదమ్మాయ్. స్ప్రేయరు డబ్బాలో కాస్త మందు మిగిలితే కొట్టాను. ఆదివారం దాటేదాకా ఎవరూ కొయ్యరన్నావు కదా."

అన్నాను. అక్షరాలా అన్నాను. ఆ మాట నా మొహాన కొట్టినట్టయింది. పొలంలో మిగిలిన మందు పారబొయ్యకుండా వాకిట్లో మొక్కలకి కొట్టడం ఆ ఊళ్ళో ప్రతి రైతూ చేసేదే. పెరటి మొక్కల జోలికి మాత్రం ఎవరూ పోరు. ఆయన లెక్కలో తప్పు లేదు. నా ఆర్డరులోనూ తప్పు లేదు. తప్పెవరిదని ఆ తరువాత చుట్టాలు ఎంత తరచి అడిగినా నేను ఎవరి పేరూ చెప్పలేదు, నా పేరుతో సహా.

"మీ అమ్మాయి ఆ ఆకులు తినేసిందండి," అన్నాను.

ఆయన చేతిలోని స్ప్రేయరు కింద పడింది. మందు సీసా తువ్వాల్లో చుట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తారు. రాజమండ్రికి మొక్కలు తీసుకెళ్తున్న వ్యాను ఒకటి వస్తుంటే చేతులు చాపి అడ్డంగా నిలబడ్డారు. ఆడపడుచుని డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, మేమిద్దరం వెనక క్రోటన్ల మధ్య ఎక్కాం. వెనక చిన్న కిటికీలోంచి ఆ పిల్ల మెడ కనిపిస్తోంది. మెడ మీద చెమట. అది ఎండదా, మందుదా అని కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాను.

"కొట్టానని ఒక్క మాట చెప్పాలని తోచలేదా మీకు?" అన్నాను. ఆ ఇంట్లో మావయ్యగారితో ఎవరూ అలా మాట్లాడి ఎరగరు.

"నిద్దరోతున్నారు కదా, లేపడం ఎందుకనుకున్నానమ్మా," అన్నారు.

కాలవ గట్టు వెంట వ్యాను కుదుపుకి క్రోటన్లు మొహానికి తగులుతుంటే విసిరి పారెయ్యాలనిపించింది. లోపలినుంచి ఆడపడుచు వెనక్కి తిరిగి, "వదినా, పొద్దున్న తన్నాడు. మళ్ళీ తన్నలేదు," అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

నర్సింగ్ హోములో డాక్టరు మందు పేరు అడిగారు. మావయ్యగారు తడుముకోకుండా చెప్పి సీసా బల్ల మీద పెట్టారు. ట్యూబు వేసి కడుపు కడిగారు. కళ్ళు లైటు పెట్టి చూసి, తల్లికి ప్రమాదం లేదనే అనుకుంటున్నాం అన్నారు. లోపలి బిడ్డ సంగతి లేడీ డాక్టరే చూడాలి, ఆవిడ ఆపరేషనులో ఉన్నారు, ఈలోగా కదలిక గమనించుకోండి అని వెళ్ళిపోయారు.

మంచం మీద ఆ పిల్ల ఎడమ పక్కకి తిరిగి పడుకుంది. నేను కడుపు మీద చెయ్యి వేసి ఉంచాను. చెయ్యి తీస్తే ఏమవుతుందోనని తియ్యలేదు. మావయ్యగారు వరండాలో కుళాయి దగ్గరికి వెళ్తారు, వస్తారు, గుమ్మంలో నిలబడతారు, మళ్ళీ వెళ్తారు. లోపలికి మాత్రం అడుగు పెట్టరు. వెళ్ళిన ప్రతిసారీ నీళ్ళ చప్పుడు వినిపించేది. నాకు విసుగు వచ్చింది. కూతురి దగ్గర కూర్చోకుండా ఏంటీ తిరుగుడు అనుకున్నాను.

చీకటి పడుతుండగా నా అరచేతి కింద చిన్నగా ఏదో దొర్లింది. నా భ్రమేమోనని ఊపిరి బిగబట్టాను. ఆ పిల్ల కళ్ళు తెరిచి నావైపు చూసింది. మళ్ళీ దొర్లింది, ఈసారి గట్టిగా. నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి లేడీ డాక్టరు వచ్చి, గొట్టం పెట్టి చాలాసేపు విని, ఇద్దరూ బాగానే ఉన్నారన్నారు.

"నాన్నా, తంతున్నాడు. ఇలా వచ్చి చెయ్యి పెట్టి చూడు," అంది ఆడపడుచు.

ఆయన మంచం దాకా వచ్చారు. తువ్వాలుతో చేతులు మళ్ళీ తుడుచుకున్నారు. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తరువాత రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు.

"వద్దమ్మా," అన్నారు. "ఎంత కడిగినా వాసన పోవట్లేదు."