ఎర్ర దారం కట్టిన వరి మొక్కలు

ఈ పొద్దున మా పెదనాన్న ఫోను చేశాడు. నిన్నటి గాలివానకి వరి మొత్తం చాప పరిచినట్టు పడిపోయిందట. పదహారేళ్ల తర్వాత ఆయన గొంతు వినడం. "అమ్మాయ్, అప్పుడు నువ్వేసిన గట్టి కాడ రకం గింజలు నీ దగ్గర ఏమన్నా మిగిలినయ్యా?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వరి మొక్క నిలబడే తీరు ఏ జన్యువుల వల్ల వస్తుందో తేల్చాలని అప్పట్లో నేను పరిశోధన చేస్తున్నాను. పొడుగు రకాన్నీ గట్టి కాడ రకాన్నీ సంకరం చేసి, రెండో తరాన్ని పర్చూరు పక్కన మా పెదనాన్న మాగాణి ముక్కలో నాటించాను. రెండో తరమంటే ఒక తల్లి పిల్లలే, ఒకరి పోలిక ఒకరికి రాదు. ఒకటి నడుమెత్తు, ఒకటి మోకాలెత్తు. ఒకదానికి ముప్పై పిలకలు, ఇంకోదానికి ఆరు. నాకు కావలసిందే ఆ తేడా. పెదనాన్నేమో విత్తనాల రైతు. చేలో ఒక్క కేళీ, అంటే పీకెయ్యాల్సిన వేరే రకం మొక్క, తలెత్తినా ఆయనకి ముద్ద దిగదు. చర్చి నుంచి వచ్చేవాళ్లు గట్టు మీద ఆగి, "ఏందన్నా, చేను కుక్కలు చింపిన విస్తరైంది?" అని నవ్వేవాళ్లు. అసలే మా ఇంట్లో అందరికన్నా ముందు నడిచేది ఆయన మీసం.

అన్ని మొక్కల్లో పిలకలు తక్కువై, కాడ చిటికెన వేలంత లావై, ఆకు నిటారుగా నిలిచినవి పదకొండే దొరికాయి. వాటికి ఎర్ర దారం కట్టాను. గింజ ఇంకా పాల మీదే ఉంది, ముదిరాక కోసుకుందామని కాలేజీకి వెళ్లాను. వారం తిరిగి వచ్చేసరికి పదకొండు చోట్లా గుంటలు!

"నువ్వే గదే దారం కట్టింది? కేళీలకి గుర్తు పెట్టి పోయావనుకుని పీకించా," అన్నాడు పెదనాన్న. మొక్కలేవంటే గేదె వైపు చూశాడు. దారాలు మాత్రం జాగ్రత్తగా విప్పి చూరులో దోపి ఉంచాడు మహానుభావుడు! పైగా, "చదువుకున్నదానివి, ఒక మాట చెప్పిపోవద్దా?" అని నన్నే కసిరాడు. మళ్లీ మొదలుపెట్టడానికి గడువు లేదు. పరిశోధన అక్కడితో ఆగిపోయింది. సత్తెనపల్లి బళ్లో సైన్సు టీచరునయ్యాను.

చెప్పిపోకపోవడం నా తప్పే, తెలుసు. తెలిసినా కోపం దిగలేదు. "పోయి నీ గేదెనడుగు పెదనాన్నా," అని ఫోను పెట్టేశాను. ఆ గేదె చచ్చి పన్నెండేళ్లు దాటింది. అది తిన్నదాన్ని నేనింకా నెమరేస్తూనే ఉన్నాను.